శిల నుంచి శైలం దాకా.. ఓ అచ్చు చేసిన ప్రయాణం

శిల అంటే రాయి. శైలం అంటే కొండ. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘శి’ కాస్తా ‘శై’ అయింది. ఇ పోయి ఐ వచ్చింది. ఆ ఒక్క అచ్చు మారగానే చేతిలో పట్టే రాయి కాస్తా కొండంత అయిపోయింది!

ఈ మార్పును బస్సులో కూర్చుని చూడాలంటే ఒక దారి ఉంది. మార్కాపురంలో ఎక్కి, దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ రోడ్డు పట్టుకుని శ్రీశైలం వెళ్లే దారి. బయల్దేరేది పలకల ఊరు. అంటే శిల. చేరేది శ్రీశైలం. అంటే కొండ. పశ్చిమ ప్రకాశం మా అమ్మమ్మ వాళ్ల ప్రాంతం కాబట్టి ఈ రోడ్డు మీద చిన్నప్పటి నుంచీ తిరిగాను. ఈసారి మాత్రం వేరే పని మీద తిరిగాను. మాటలో అచ్చు మారడానికి ప్రపంచం ఏమేం పేర్లు పెట్టింది, ఆ పేర్ల వెనక ఉన్న బొమ్మ ఏంటి అన్నది నా ప్రశ్న. పుస్తకాల్లో దొరికే జవాబులు కొన్ని. ఈ ఊళ్లలో వినిపించే జవాబు ఇంకొకటి.

పలక మీద గుణకారం

మార్కాపురం పేరు చెప్పగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది పలక. చుట్టుపక్కల భూమిలో పొరలు పొరలుగా దొరికే నల్లరాయిని తవ్వి, పల్చగా చీల్చి, నలుచదరంగా కోసి, చెక్క ఫ్రేము బిగిస్తే పలక తయారు. తెలుగు రాష్ట్రాల్లో రెండు మూడు తరాల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకల్లో ఎన్నో ఇక్కడివే. నోటు పుస్తకాలు చవకయ్యాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, ఆ తర్వాత ట్యాబ్‌లు వచ్చాయి. ఇప్పుడు ఇదే రాయి ఎక్కువగా ఇళ్ల గోడలకు అంటించే టైల్స్‌గా బయటికి పోతోంది.

ఒక దుకాణంలో బడి పలక అడిగాను. పెద్దాయన లోపలికెళ్లి దుమ్ము దులిపి తెచ్చాడు.

“పిల్లోళ్లకా అబ్బాయ్?”

“నాకే పెద్దాయనా.”

నవ్వి, అడక్కుండానే రెండు బలపాలు కూడా చేతిలో పెట్టాడు.

ఆ పలక మీద మనమంతా మొదట దిద్దింది ఓనమాలు. ఆ తర్వాత గుణింతం. క, కా, కి, కీ, కు, కూ. ఎప్పుడైనా ఆలోచించారా, దాన్ని గుణింతం అని ఎందుకన్నారో? లెక్కల్లో గుణించడం, గుణకారం ఉన్నాయి కదా, ఇదీ అదే మాట. ఒక్క హల్లును అచ్చులన్నిటితో గుణించుకుంటూ పోతే వచ్చే వరుస గుణింతం. అంటే మనం ఎక్కాలకన్నా ముందే గుణకారం నేర్చుకున్నాం!

దీనికి మూలం సంస్కృతంలోని ‘గుణ’ శబ్దం. గుణం అంటే స్వభావం అని మాత్రమే మనకు అలవాటు. దానికి తాడులోని పేట, వింటినారి అన్న అర్థాలు కూడా ఉన్నాయి. రెండు పేటలైతే ద్విగుణం, మూడైతే త్రిగుణం. అలా తాడు పేటల లెక్క అంకెల లెక్కలోకి వచ్చి, ‘ఇన్ని రెట్లు’ అనే అర్థం తెచ్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. అచ్చుల మార్పుకు పాణిని వాడిన పేరు కూడా ఇదే.

పాణిని మొదటి మాట

పాణిని అష్టాధ్యాయి దాదాపు రెండున్నర వేల ఏళ్ల నాటి వ్యాకరణం. దాదాపు 4,000 సూత్రాలు. అందులో మొట్టమొదటి సూత్రమే అచ్చుల గురించి. ఆ, ఐ, ఔ.. ఈ మూడింటికీ ‘వృద్ధి’ అని పేరు పెట్టాడు. రెండో సూత్రంలో అ, ఏ, ఓ.. వీటికి ‘గుణం’ అన్నాడు. స్కూల్లో గుణసంధి, వృద్ధిసంధి బట్టీ పట్టినప్పుడు మనం పలికింది ఆ పేర్లనే.

సూత్రాలు పక్కన పెట్టి, మనం రోజూ వాడే మాటల్లో చూద్దాం. బుద్ధుడు, బోధన, బౌద్ధం. ఉ, ఓ, ఔ. దివ్యం, దేవుడు, దైవం. ఇ, ఏ, ఐ. మొదటిది మామూలు మెట్టు, రెండోది గుణం, మూడోది వృద్ధి. ఒకే వేరు, మూడు మెట్లు. వృద్ధి అంటే పెరగడం అని వేరే చెప్పక్కర్లేదు. శిల ‘పెరిగితే’ శైలం అన్న ఊహ ఆ పేరులోనే ఉంది.

పశ్చిమ ప్రకాశంలో ఈ వృద్ధి గుడుల రూపంలో కూడా కనబడుతుంది. మార్కాపురం నడిబొడ్డున లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం, విజయనగర కాలపు రాతి స్తంభాలతో. విష్ణువు గుడి కాబట్టి వైష్ణవ క్షేత్రం. అక్కడి నుంచి గుంటూరు–కర్నూలు రోడ్డు మీద త్రిపురాంతకం వెళ్తే కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరు. శివుడి గుడి కాబట్టి శైవ క్షేత్రం. విష్ణువు నుంచి వైష్ణవం, శివుడి నుంచి శైవం. రెండుచోట్లా ఇ పెరిగి ఐ అయింది. రెండు మతాలూ పేరు దగ్గర మాత్రం ఒకే సూత్రం పాటించాయి.

జర్మనీ స్టేషన్లో కనబడే ‘అబ్’

మార్కాపురం రోడ్ స్టేషన్ ఊరికి కాస్త దూరం. గుంటూరు–నంద్యాల లైను ఇది. ఒకప్పుడు మీటర్ గేజి. నర్సరావుపేట, వినుకొండ, దొనకొండ దాటి వచ్చే రైలు ఇక్కడి నుంచి తర్లుపాడు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమలలోకి దూరుతుంది. కిటికీ పక్క సీటు దొరికింది కాబట్టి యూరప్ కథ ఇక్కడ చెప్పుకుందాం.

స్నో వైట్, సిండ్రెల్లా కథలు మీకు తెలుసు. వాటిని 1812లో పుస్తకంగా వేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడు జేకబ్ గ్రిమ్. ఆయనకు కథలెంత ఇష్టమో వ్యాకరణం అంతకన్నా ఇష్టం. 1819లో తన జర్మన్ వ్యాకరణం మొదటి సంపుటి తెచ్చాడు. ఇంగ్లిష్‌లో డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్ ఉన్నాయి కదా. హల్లులు కదలకుండా మధ్యలో అచ్చు ఒక్కటే మారి కాలాన్ని మార్చేస్తుంది. జర్మన్లోనూ ఇలాంటివి బోలెడు. ఈ మార్పుకు భాషాశాస్త్రంలో గ్రిమ్ స్థిరపరిచిన పేరు ‘అబ్లౌట్’.

‘లౌట్’ అంటే ధ్వని. ‘అబ్’ అంటే దూరంగా, విడిపోయి. జర్మనీలో ఎం.ఎస్. చేస్తున్న మీ ఫ్రెండ్స్‌ని అడగండి, అక్కడి రైల్వే స్టేషన్లలో బయల్దేరే రైళ్ల బోర్డు మీద ‘అబ్‌ఫార్ట్’ అని ఉంటుంది. ఆ ‘అబ్’ ఇదే. అంటే గ్రిమ్ కంటికి ఆ అచ్చు ఉన్నచోటు వదిలి బయల్దేరిపోయిన ధ్వని. ఆ పేరునే గ్రీకు ముక్కలతో మళ్లీ కట్టి ‘అపోఫొనీ’ అన్నారు. అక్కడా ‘అపో’ అంటే దూరంగా అనే.

దీనికి తోడు ఇంకో పేరుంది, ‘ఉమ్లౌట్’. అది వేరే రకం మార్పు. ఇంగ్లిష్‌లో ఫుట్ బహువచనం ఫీట్ ఎందుకైంది? పాతకాలంలో ఆ బహువచనం చివర ఇ లాంటి ధ్వని ఉండేది. వెనక వస్తున్న దాని ప్రభావంతో ముందున్న అచ్చు దానివైపు వంగింది. తర్వాత ఆ ఇ రాలిపోయింది, వంగిన అచ్చు మాత్రం మిగిలింది. ఈ రెండోదాన్ని గుర్తుపెట్టుకోండి. గిద్దలూరు చేరాక పనికొస్తుంది.

ఒకే కుటుంబానికి చెందిన భాషల్లో, ఒకేలాంటి మార్పు. పాణినికి అందులో పెరుగుదల కనిపించింది. గ్రిమ్‌కు నిష్క్రమణ కనిపించింది. సంస్కృతం చదువుకున్న 19వ శతాబ్దపు యూరప్ పండితులు గుణం, వృద్ధి అన్న మాటలను తమ పుస్తకాల్లోనూ వాడుకున్నారు.

కంభం బోర్డు మీద ‘యు’

కంభంలో రైలు ఆగితే స్టేషన్ బోర్డు చూడండి. తెలుగులో కంభం. ఇంగ్లిష్‌లో సి-యు-ఎం-బి-యు-ఎం. ఉన్నవి రెండు అ-లు, రెండిటి స్థానంలోనూ యు. ఇంగ్లిష్ వాళ్ల ‘కప్పు’లో యు పలికేది అ లాగే కదా, దొరలు ఆ లెక్కలో రాసుకుపోయారు. కడపను కూడా అలాగే యు పెట్టి రాశారు. 2005లో దాన్ని సరిచేశారు. కంభం బోర్డు మాత్రం అలాగే ఉంది. ఇక్కడ అచ్చు నోట్లో మారలేదు, రాతలోనే మారింది. కంభంలో పుట్టినవాళ్లెవరూ తమ ఊరిని ‘కుంబుం’ అనరు. గూగుల్ మ్యాప్స్‌లో దారి చెప్పే అమ్మాయి ఏమంటుందో మీరే విని చూడండి.

కంభం దాకా వచ్చి చెరువు చూడకపోతే పాపం. గుండ్లకమ్మ నీటికి రెండు కొండల నడుమ కట్ట వేసి ఆపిన విజయనగర కాలపు చెరువు. కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. నిండితే సముద్రం. ఎండితే మధ్యలో గేదెలు మేస్తుంటాయి.

కురుస్తుంది, కురిసింది, కురవలేదు

గిద్దలూరులో మా అక్క ఇల్లు. మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరం, ఒక పెద్ద ఊళ్లో హాస్టల్లో ఉండి చదువుతోంది. సెలవులకు వచ్చి ఉంది. పలక చూసి పకపకా నవ్వింది. రాత్రి మిద్దె మీద కూర్చున్నప్పుడు మాత్రం నవ్వలేదు.

“క్లాసులో సెమినార్ ఇయ్యమన్నారు మామా. నేను ‘చెప్తన్నా’ అనేసరికి వెనక బెంచీలో నవ్వారు. ఒకమ్మాయి ‘సీమ నుంచి వచ్చావా’ అనింది. ఇంకోడు ‘పల్లెటూరి తెలుగు’ అన్నాడు. అప్పట్నుంచి నేను లేయట్లేదు. మార్కులు పోతే పోనీ.”

ఈ ప్రాంతం వాళ్లకు ఇది పాత గాయం. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లా మారింది, నాలుక మారలేదు. ఒంగోలు వెళ్తే సీమ యాస అంటారు, కర్నూలు వెళ్తే కోస్తా యాస అంటారు. ఎక్కడికెళ్లినా పక్క ఊరి నుంచి వచ్చినవాళ్లే.

నేను పలక తీశాను. “ఒక పని చెయ్. వాన గురించి మూడు ముక్కలు చెప్పు. ఇప్పుడు పడేది, నిన్న పడింది, అసలు పడనిది.”

“వాన కురుస్తుంది. వాన కురిసింది. వాన కురవలేదు.”

“నడుమ అచ్చు చూడు.”

బలపంతో రాసింది. ‘రు’, ‘రి’, ‘ర’. ఉ, ఇ, అ.

“ఇంకోటి చెప్పు.”

“నీళ్లు దొరుకుతాయి, దొరికాయి, దొరకలేదు.” ఇదీ అంతే. “అడుగుతాను, అడిగాను, అడగలేదు. పెరుగుతుంది, పెరిగింది, పెరగలేదు.” ఆమె రాసుకుంటూనే పోయింది. పలక నిండింది.

పైపైన చూస్తే ఇది డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్ లాగే ఉంది. లోపలి కిటుకు వేరు. ఇంగ్లిష్‌లో ఆ అచ్చే కాలాన్ని మోస్తుంది. తెలుగులో నడుమ అచ్చు తనంతట తాను ఏమీ చెప్పదు, వెనక వచ్చేదాన్ని చూసి మారుతుంది. భూతకాలపు ‘అడిగి’లో చివర ఇ ఉంది కాబట్టి నడుమ కూడా ఇ. ‘అడగ’లో చివర అ ఉంది కాబట్టి నడుమ అ. ఇందాక ఫీట్ విషయంలో చెప్పుకున్నది ఇలాంటిదే. దీన్ని భాషాశాస్త్రంలో ‘వవెల్ హార్మనీ’ అంటారు. హార్మనీకి గ్రీకులో మొదటి అర్థం అతుకు, కూర్పు. మన మాటలో చెప్పాలంటే అచ్చుల పొంతన.

బహువచనాల్లోనూ ఇంతే. మనిషి, మనుషులు. కత్తి, కత్తులు. గిద్దలూరు దాటితే వచ్చే అడవిలో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. ఉన్నది పులి. ‘లు’ వెనక వచ్చి నిలబడగానే ‘లి’ కాస్తా ‘లు’ అయి పులులు అయింది. పులి అయినా పక్కనున్నదానికి తగ్గట్టు సర్దుకోవాల్సిందే!

“అయితే నేను అన్నది తప్పా, ఒప్పా?” మేనకోడలికి కావాల్సింది అదొక్కటే.

దానికి జవాబు ‘అడగలేదు’ అన్న మాటలోనే ఉంది. పాత కావ్యభాషలో అది ‘అడుగలేదు’. ఉ ఉండేది. ‘పెరుగలేదు’, ‘తిరుగలేదు’ కూడా అంతే. ‘అడిగి’ లాంటి ఇ మార్పు వ్యాకరణాల్లోకి ఎప్పుడో ఎక్కింది. ‘అడగలేదు’లోని అ మాత్రం జనం నోట్లో పుట్టి, వాడుక భాష ఉద్యమం తర్వాత పేపర్లలోకి, పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. ఒకప్పుడు పండితులు రాతలోకి రానివ్వని రూపాన్నే ఇవాళ న్యూస్ రీడర్ చదువుతోంది. మేనకోడలి ‘చెప్తన్నా’లోనూ ఉ స్థానంలో అ వచ్చింది. చేస్తన్నా, వస్తన్నా, చూస్తన్నా.. ప్రతిసారీ అదే చోట, అదే అచ్చు. నోరు తిరగక వచ్చే తప్పు ఇంత వరుసగా రాదు. నియమం ఉంటేనే వస్తుంది. ఆమెను చూసి నవ్విన కుర్రాడు కూడా ‘అడగలేదు’ అనే అంటాడు. అతనూ అచ్చు మార్చినవాడే. కాకపోతే అతని మార్పుకు పుస్తకంలో చోటు ముందే దొరికింది.

ఒంగోలు నుంచి పెన్సిల్వేనియా దాకా

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. ఈ లెక్కలు తేల్చినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు భద్రిరాజు కృష్ణమూర్తి. 1928లో ఒంగోలులో పుట్టారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశారు. 1958లో ఆయన రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం సరిగ్గా అచ్చుల మార్పు గురించే. దక్షిణాది భాషల్లో ఇ–ఎ, ఉ–ఒ ఒకదాని స్థానంలో ఒకటి ఎందుకు వస్తాయన్నది దాని విషయం.

మీ ఇంట్లో రోలు ఉందా? తమిళంలో దాన్ని ఉరల్ అంటారు. కన్నడంలో ఒరళు. వెనక ఉన్న అ ప్రభావంతో ఉ కాస్తా ఒ అయింది. తెలుగులో ఆ ఒ ఇంకో గెంతు గెంతి ర వెనక చేరి, సాగి, ‘రోలు’ అయింది. పచ్చడి నూరే రాయిలో ఇంత చరిత్ర ఉందని మా అక్కకు చెబితే, “చరిత్ర సరే, ముందు కారం నూరు” అంది.

కృష్ణమూర్తి చేసిన ఇంకో పని నాకు మరీ ఇష్టం. ఆయన ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి 1962లో వచ్చింది. వ్యవసాయ పదాలు అందులో ఉన్నాయి. ఊరూరా తిరిగి రైతులు వాడే మాటలను ఏ ప్రాంతంలో ఎలా అంటారో అలాగే రాసుకున్నారు. వీటిని తప్పొప్పుల పట్టికలో వేయలేదు. అన్నిటినీ ఒకే పుస్తకంలో పక్కపక్కన కూర్చోబెట్టారు.

ఇక్కడ వాన కురవడం, కురవకపోవడం అచ్చు మార్పంత తేలిక కాదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఈ మండలాలు ఎదురుచూడటం మొదలుపెట్టాక ఒక తరం పెద్దదైపోయింది. అంత కరువులో బతికిన జనం దగ్గర కరువు లేనిది మాట ఒక్కటే. దాన్ని కూడా సిగ్గుపడి మానేయమంటే ఇంకేం మిగులుతుంది? మేనకోడలు పలక మీదున్న వరుసను ఫోన్‌లో ఫొటో తీసుకుంది. తర్వాతి సెమినార్ టాపిక్ మార్చుకుంటానని చెప్పింది.

మీరూ వెళ్తారా?

గుంటూరు లేదా నంద్యాల నుంచి రైలెక్కితే మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు మూడూ ఒకే లైనులో ఉన్నాయి. వర్షాకాలం చివర వెళ్తే కంభం చెరువులో నీళ్లు, నల్లమలలో పచ్చదనం దొరుకుతాయి. గిద్దలూరు తర్వాత దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె మీదుగా నంద్యాల దాకా అడవిలో సాగే రైలు దారిని పగటిపూటే చూడండి. శ్రీశైలం కూడా వెళ్లాలంటే మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా బస్సులుంటాయి. మార్కాపురంలో ఒక పలక కొనుక్కోండి, రెండు బలపాలు అడగండి.

రైల్లో పక్కన కూర్చున్నవాళ్లతో మాట కలిపి, వాన గురించి అడగండి. ఈ ఊళ్లలో ఆ టాపిక్ ఎత్తితే చాలు, ఎవరైనా మాట్లాడతారు. కురుస్తుంది, కురిసింది, కురవలేదు.. మూడు అచ్చులూ పది నిమిషాల్లో వినబడతాయి.